ఈ ఊరు అమ్మకానికి లేదు

మధ్యాహ్నం మూడున్నర దాటింది. మీరు కారులో కూర్చుని ఉన్నారు. కారు కదలడం లేదు. ముందున్నదీ కదలడం లేదు, దాని ముందున్నదీ అంతే. ఎడమ పక్క పసిఫిక్ మహాసముద్రం. కుడి పక్క పాతకాలపు చెక్క దుకాణాల వరస. మధ్యలో సన్నటి రోడ్డు. దాని పేరు ఫ్రంట్ స్ట్రీట్. ఊరు లహైనా, హవాయి దీవుల్లో మౌయి పడమటి ఒడ్డున ఉంది. తేదీ 2023 ఆగస్టు 8, మంగళవారం.

పొద్దుటి నుంచి కరెంటు లేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. గాలి కొండ మీంచి ఊరి మీదికి దూకుతోంది. దక్షిణాన వందల మైళ్ల దూరంలో డోరా అనే తుపాను సాగిపోతోంది, ఉత్తరాన వాయుపీడనం ఎక్కువగా ఉంది. ఆ రెంటి మధ్య చిక్కి వేగం పుంజుకున్న గాలి ఇది. పైకప్పు రేకులు లేచిపోతున్నాయి. కరెంటు స్తంభాలు ఎక్కడికక్కడ రోడ్లకు అడ్డంగా పడ్డాయి. పడిన తీగల్లో కరెంటు ఉందో లేదో తెలియదు గనక వాటిని దాటడానికి ఎవరికీ ధైర్యం చాలడం లేదు.

వెనక కనిపిస్తున్న నల్లటి పొగ ఎక్కడిదో మీకు తెలుసు. పొద్దున ఆరున్నర ప్రాంతంలో ఊరి పైభాగాన, లహైనాలూనా రోడ్డు దగ్గర, తెగిపడిన కరెంటు తీగల వల్ల గడ్డి అంటుకుంది. ఫైరింజన్లు వచ్చి ఆర్పాయి. తొమ్మిదింటికల్లా మంట పూర్తిగా అదుపులోకి వచ్చిందన్నారు. రెండు దాటాక సిబ్బంది వెళ్లిపోయారు. మూడు గంటలు కావస్తుండగా అదే చోట మళ్లీ రాజుకుంది. పొద్దుటి మంట నివురు కిందే ఉండి మళ్లీ లేచిందని ఏడాది తర్వాత దర్యాప్తు నివేదిక తేల్చింది. ఈ క్షణాన ఆ సంగతితో మీకు పని లేదు. మీకు కావాల్సింది దారి.

సైరన్ మోగలేదు. దీవి నిండా సునామీ హెచ్చరిక సైరన్లు ఉన్నాయి, ఒక్కటీ పలకలేదు. సైరన్ వింటే జనం సునామీ అనుకుని కొండవైపు, అంటే మంటలోకే, పరిగెత్తేవాళ్లని అత్యవసర విభాగం అధిపతి తర్వాత చెప్పుకున్నాడు. వారం తిరిగాక రాజీనామా చేశాడు.

మీ వెనక కారులో వాళ్లు తలుపులు తీసి దిగేస్తున్నారు. రోడ్డుకూ సముద్రానికీ మధ్య పొట్టి రాతిగోడ ఉంది. దాన్ని దాటితే నల్లరాళ్లు, ఆ వెంటనే నీళ్లు. పిల్లల్ని ఎత్తుకుని, ముసలివాళ్ల చెయ్యి పట్టుకుని జనం దిగుతున్నారు. నిప్పురవ్వలు నీళ్ల మీద కూడా రాలుతున్నాయి. తడిపిన గుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని, రాళ్లు పట్టుకుని, గంటల తరబడి అలాగే ఉండాలి. చీకటి పడ్డాక కోస్ట్ గార్డ్ పడవలు కొందరిని బయటికి లాగాయి.

అందరికీ సముద్రం అందలేదు. పైన, పాత చక్కెర మిల్లు పక్కన, కుహువా క్యాంప్ అనే పేట ఉంది. ఒకప్పుడు తోటల కూలీలకు కట్టిన ఇళ్లు. సందులు ఇరుకు, కొన్ని ఎటూ పోవు. ఒక్కో ఇంట్లో తాతలు, కొడుకులు, మనవలు. చాలామంది అక్కడే పోయారు. ఊరు మొత్తంమీద 102 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. రెండు వేల రెండు వందలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. పన్నెండు వేల మంది దాకా నిలువ నీడ లేకుండా పోయారు. అమెరికాలో కార్చిచ్చు ఇంతమందిని బలి తీసుకోవడం నూరేళ్లలో ఇదే మొదలు.

*

ఇప్పుడు ఒక్కసారి కొండవైపు తిరిగి చూడండి. మంటకు ముందు ఆ వాలు ఎలా ఉండేదో చూస్తేగాని, తర్వాత ఈ ఊరివాళ్లు దేనికోసం కొట్లాడారో అర్థం కాదు.

అక్కడ నిలువెత్తు ఎండుగడ్డి ఉండేది. మన పాడిరైతులకు తెలిసిన గినీ గడ్డే. పశువుల మేతకని హవాయికి తెచ్చారు. అక్కడ అది పొలం గట్టు దాటి కొండలకు పాకింది. వానలకు ఏపుగా పెరుగుతుంది, ఎండలకు అగ్గిపుల్ల కోసం కాచుకుని ఉంటుంది. ఆ గడ్డికి జాగా ఇచ్చింది చెరకు. 1860లో మొదలైన పయనీర్ మిల్లు ఈ వాలు మొత్తాన్ని చెరకు తోట చేసింది, వాగుల నీళ్లను కాలవలు తవ్వి తోటలకు మళ్లించింది. 1999లో మిల్లు మూతపడింది. చెరకు పోయింది. ఆ ఖాళీ పొలాలను గడ్డి కమ్మేసింది. వాగుల మీద పెత్తనం మాత్రం పాత కంపెనీల వారసుల చేతికి, కొత్తగా వచ్చిన భూవ్యాపారుల చేతికి వెళ్లింది.

ఇంకా వెనక్కి వెళ్తే, ఈ ఊరు నీళ్ల ఊరు. హవాయి రాజ్యానికి 1845 దాకా రాజధాని ఇదే. 1840లో ఆ రాజ్యపు తొలి రాజ్యాంగం పుట్టిన కాలంలో రాజు ఇక్కడే ఉండేవాడు. ఊరి నడుమ మోకుహినియా అనే కొలను, దాని మధ్య మోకుఉలా అనే చిన్న లంక, లంక మీద రాజుగారి నివాసం. చుట్టూ సీమపనస చెట్ల నీడ. తోటలొచ్చి నీళ్లు మళ్లాక కొలను మురికిగుంటగా మారింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాన్ని మట్టితో పూడ్చి ఆటల మైదానం చేశారు. నిప్పు ఒక్క మధ్యాహ్నంలో వచ్చింది గానీ, దానికి కావాల్సిన ఎండు నేల నూటయాభై ఏళ్ల పాటు తయారైంది. ఎవరి నీళ్లు ఎవరి పొలానికి పోయాయి, ఎవరి నేల ఎవరి పేరు మీదికి మారింది అనే లెక్కలన్నీ ఆ గడ్డి కింద ఉన్నాయి.

*

మంట చల్లారి రెండు రోజులు. మీరిప్పుడు లహైనాకు ఉత్తరాన, కానపాలి దగ్గర, నడుంలోతు నీళ్లలో నిలబడి ఉన్నారు. మీ ముందొకరు, వెనకొకరు, బారుగా మనుషులు. దీవి అవతలి వైపు నుంచి వచ్చిన పడవ లోతులో ఆగింది. ఒడ్డుదాకా రాలేదు. పడవలోంచి దించిన పెట్టె చేతులు మారుతూ మీదాకా వస్తుంది, మీరు వెనకవాళ్లకు అందిస్తారు. నీళ్ల సీసాలు. పిల్లల డైపర్లు. పెట్రోలు డబ్బాలు. బియ్యం. జెట్ స్కీల మీద కూడా సరుకు వస్తోంది. హైవే మూసేశారు. సర్కారు లారీ ఇంకా రాలేదు. సముద్రం దారి వీళ్లకు పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు.

ఆ పెట్టె వెంట నడవండి. లేఇఅలీ అనే కాలనీలోకి వెళ్తారు. ఆదివాసీ హవాయి కుటుంబాలకు కేటాయించిన నేలలో కట్టుకున్న ఇళ్లు, చాలావరకు మంట తప్పించుకున్నాయి. అక్కడ ఆర్చీ కాలేపా ఇంటి ముందు టెంట్లు లేచాయి. ఆయన పేరున్న సముద్ర రక్షకుడు, పెద్ద అలలతో బతుకంతా గడిపినవాడు. ఇప్పుడు ఆయన వాకిలే ఊరికి కచేరీ. ఇటువంటివి తీరం పొడవునా అరడజనుకు పైగా ఉన్నాయి, పోహకు పార్కులో ఒకటి, హోనోకోవాయిలో ఒకటి, నపిలిలో ఒకటి. జెనరేటరు, శాటిలైట్ ఇంటర్నెట్ డబ్బా, ఫోన్లు చార్జింగు పెట్టుకునే బల్ల. ఒక మూల నర్సులు బీపీ చూస్తున్నారు. ఒక మూల వంట. కనపడనివాళ్ల పేర్లు రాసుకునే కాగితాలు ఇంకో మూల.

పేర్లు చదవండి, ఈ ఊరు ఎవరిదో తెలుస్తుంది. హవాయి పేర్లు, జపాన్ పేర్లు, పోర్చుగీసు పేర్లు, టోంగా పేర్లు, మెక్సికో పేర్లు. అన్నిటికంటే ఎక్కువ ఫిలిప్పీన్స్ పేర్లు. లహైనా జనంలో నూటికి నలభై మంది దాకా వాళ్లే. చెరకు తోటల్లో కూలికి వచ్చినవాళ్ల మనవలు కొందరు, నిన్నమొన్న వచ్చి హోటల్ గదులు ఊడ్చేవాళ్లు కొందరు. ఇలోకానో భాష తప్ప వేరే రాని పెద్దావిడకు సహాయం ఫారాలు ఇంగ్లీషులో ఇస్తే ఏం చేస్తుంది? ఆ ఫారం ముందు కూర్చోబెట్టుకుని, చదివి చెప్పి, రాసిపెట్టింది ఆ టెంట్లలోని పిల్లలే. కాగితాలు లేని వలస కుటుంబాలు సర్కారు బల్ల దగ్గరికి పోవడానికి భయపడ్డాయి. ఈ టెంటులో ఎవరి కాగితాలూ ఎవరూ అడగలేదు. ఆకలిగా ఉన్నావా అని అడిగారు, పెట్టారు.

సాయం చేసేవాళ్లలో చాలామందికి సొంత ఇల్లు లేదు. అదీ బూడిదలోనే ఉంది.

*

అదే వారంలో ఫోన్లు మొదలయ్యాయి.

ఫోన్ మీ చేతిలో మోగుతోంది అనుకోండి. నంబరు తెలియదు. తప్పిపోయినవాళ్ల కబురేమోనని ఆత్రంగా ఎత్తుతారు. అవతలి గొంతు మర్యాదగా ఉంటుంది. జరిగినదానికి విచారం చెబుతుంది. మీ స్థలం అమ్ముతారా, నగదు ఇస్తాం, ఇల్లు ఉన్నా లేకపోయినా ఫరవాలేదు అంటుంది. శవాల లెక్క ఇంకా తేలలేదు.

ఊరివాళ్లు అట్టముక్కల మీద రాసి కంచెలకు కట్టారు, టీషర్టుల మీద అచ్చు వేయించారు: లహైనా అమ్మకానికి లేదు. గవర్నర్ జాష్ గ్రీన్ కాలిన ప్రాంతపు భూముల అమ్మకాల మీద నిషేధం ఆలోచిస్తున్నామన్నాడు. అడగకుండా వచ్చి స్థలం కొంటామని బేరం పెట్టడం ఆ పిన్‌కోడ్లలో నేరమని ఆగస్టులోనే అత్యవసర ఉత్తర్వు ఇచ్చాడు. మంచి పని. కానీ భూమి చేజారేది ఫోన్ బేరాలతోనే కాదు. తీరిగ్గా, చట్టం చూస్తుండగానే చేజారుతుంది.

ఎలాగో చూడండి. ఇల్లు కాలిపోయింది, బ్యాంకు అప్పు కాలిపోలేదు. నెలనెలా కట్టాలి. ఉండటానికి అద్దె ఇల్లు కావాలి, దానికీ కట్టాలి. పనిచేసే హోటలో, రెస్టారెంటో మూతపడింది. బీమా సొమ్ము వచ్చినా పాత లెక్కల ప్రకారం వస్తుంది. కట్టుబడి ఖర్చు ఇప్పటి ధరల్లో ఉంటుంది. సముద్రం అంచున స్థలమైతే కొత్త నిబంధనలు, కొత్త అనుమతులు. తాతల పేరు మీదున్న పట్టా అయితే వారసులంతా సంతకాలు పెట్టాలి, వాళ్లు నాలుగు రాష్ట్రాల్లో ఉంటారు. ఏడాది ఓర్చుకుంటారు, రెండేళ్లు ఓర్చుకుంటారు. ఆ తర్వాత బేరగాడు వస్తే అతన్ని తిట్టే ఓపిక కూడా ఉండదు. అద్దెకున్నవాళ్లకు ఈ మాత్రం కూడా లేదు, వాళ్లకు అమ్ముకోవడానికే ఏమీ లేదు. లహైనాలో సగానికి సగం మంది అద్దె బతుకులే.

*

సెప్టెంబరు 25. కాలిన పేటల్లోకి ఇళ్లవాళ్లను వంతులవారీగా అనుమతించడం మొదలైంది. తెల్ల సూటు, మాస్కు, చేతులకు గ్లవ్స్, బూట్ల మీద కవర్లు. ఎండ మండిపోతోంది. మీ వీధి మలుపు మీకే గుర్తు దొరకదు, ఎందుకంటే గుర్తులన్నీ ఇళ్లే. కారు చక్రాల అల్యూమినియం కరిగి, వాలు వెంట పారి, రోడ్డు మీద వెండి చారికలై గడ్డకట్టింది. దాన్ని దాటుకుని మెట్లెక్కుతారు. మెట్లు మూడు ఉన్నాయి. ఆ పైన ఇల్లు లేదు.

చేతిలో జల్లెడ. బూడిద ఎత్తి పోసి ఊపుతారు. మేకులు మిగులుతాయి. పింగాణీ ముక్క మిగులుతుంది. దాని మీది నీలం పువ్వు చూసి అది ఏ కప్పో గుర్తుపడతారు. ఉంగరం దొరికినవాళ్లున్నారు. అంతకంటే భయపడే వస్తువు దొరుకుతుందేమోనని చేతులు వణికినవాళ్లున్నారు.

ఆ బూడిదలో ఆర్సెనిక్ ఉంది, సీసం ఉంది. పాత ఇళ్ల రంగుల్లోవి, తోటల కాలం మందుల్లోవి. గాలికి ఎగిరి పగడపు దిబ్బల మీద పడకుండా పైన జిగురు పూత చల్లారు. ఆ తర్వాత నెలల తరబడి సైన్యం ఇంజనీర్లు స్థలం తర్వాత స్థలం శుభ్రం చేశారు. ప్రతి జేసీబీ పక్కన ఒక హవాయి మనిషి నిలబడి చూసేవాడు. నేలలో పూర్వీకుల ఎముకలు ఉండొచ్చు, పాత గోడల రాళ్లు ఉండొచ్చు. అటువంటిది కనిపిస్తే యంత్రాన్ని ఆపించడం అతని పని. ఆ పని ఊరివాళ్లకే ఇవ్వాలని ఊరివాళ్లే అడిగి సాధించుకున్నారు. ఆ చెత్తను ఏ నేలలో పూడ్చాలనేదాని మీద కూడా గట్టి గొడవ జరిగింది. మొదట ఓలోవాలు దగ్గర, సముద్రానికి చేరువలో, తాత్కాలికంగా పోశారు. అక్కడే శాశ్వతంగా ఉంచితే ఒప్పుకోమని జనం పట్టుబట్టారు. చివరికి దీవి మధ్యలోని డంపింగ్ యార్డుకు తరలించారు. ఎవరి ఇంటి బూడిద ఎవరి సముద్రంలో కలవాలో తేల్చుకోవడం కూడా పునర్నిర్మాణంలో భాగమే.

పాత కోర్టు పక్కన ఒక్కసారి ఆగండి. అక్కడ మర్రిచెట్టు ఉంది. అది మన దేశం నుంచి వెళ్లిన మొక్క. ఎనిమిది అడుగుల ఎత్తున ఉండగా 1873 ఏప్రిల్ 24న నాటారు. ఊడలు దిగి, ఊడలే మాన్లయి, అరవై అడుగులు లేచి, ఊరందరికీ నీడ అయింది. అనంతపురం వైపు తిమ్మమ్మ మర్రిమాను కింద నిలబడ్డవాళ్లకు ఆ నీడ ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. మంటకు ఆకులన్నీ మాడిపోయాయి, బెరడు నల్లబడింది. తోటపని తెలిసినవాళ్లు ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి పోశారు, గట్టిపడ్డ మట్టిని గుల్ల చేశారు, వేళ్లకు కంపోస్టు పెట్టారు. సెప్టెంబరులో మొండి కొమ్మకు చిగురు వచ్చింది. లోకమంతా ఆ ఫొటో చూసింది. ఊరివాళ్లూ చూసి కళ్లు తుడుచుకున్నారు. అయితే చెట్టుకు దొరికిన నీళ్లు మనుషులకూ దొరకాలి గదా అని కూడా అడిగారు.

*

నీళ్ల సంగతి ఇదీ. మంట జరిగిన వారానికే ఒక అధికారిని తన కుర్చీ నుంచి పక్కకు తప్పించారు. పేరు కాలియో మాన్యుయెల్. రాష్ట్ర జలవనరుల కమిషన్‌లో పెద్ద పదవి, తనూ హవాయి ఆదివాసీ. మంట రోజున వాగు నీళ్లను తమ చెరువుల్లోకి మళ్లించుకోవడానికి అనుమతి ఆలస్యం చేశాడని ఒక భూవ్యాపార సంస్థ ఉత్తరం రాసింది. ఆయన మాత్రం వాగు కింద టారో దుంప పండించే రైతు సంగతి కూడా చూడమని అడిగాడు. గాలి ధాటికి ఆ రోజు హెలికాప్టర్లే ఎగరలేదు, చెరువు నీళ్లు తోడి పోసే వీలే లేదని ఊరివాళ్లు లెక్కలతో చూపించారు. టారో రైతులు కోర్టుకెక్కారు. అక్టోబరులో ఆయన్ను మళ్లీ అదే కుర్చీలో కూర్చోబెట్టారు. ఈ గొడవ దేనికంటే, పడమటి మౌయి వాగులనూ భూగర్భ జలాన్నీ ప్రజల ఆస్తిగా గుర్తించి, ఎవరికెంత అనేది కమిషన్ పంచే ఏర్పాటు 2022లోనే మొదలైంది. బూడిద చల్లారకముందే ఆ ఏర్పాటును వెనక్కి తిప్పే ప్రయత్నం జరిగింది. ఊరంతా ఏడుస్తున్నప్పుడు కాగితాలు కదిలితే ఎవరు చూస్తారు? లహైనావాళ్లు చూశారు.

*

నవంబరు. మీరిప్పుడు కానపాలి బీచిలో ఉన్నారు. తెల్లటి ఇసుక, వెనక ఆకాశమంత హోటళ్లు. అక్టోబరు 8న పడమటి మౌయిని మళ్లీ పర్యాటకులకు తెరిచారు. కొంచెం ఆగండి, మేమింకా మా వాళ్లకు కర్మలైనా చేసుకోలేదని పది వేల మందికి పైగా సంతకాలు పెట్టి ఇచ్చినా తెరిచారు. ఇల్లు కాలినవాళ్లు వేల మంది ఇవే హోటళ్ల గదుల్లో ఉన్నారు. అదే మెట్ల మీద ఒకరు సామాన్లతో సెలవుకు వస్తారు, ఒకరు స్కూలు బ్యాగుతో పిల్లను దింపుతారు. గది గడువు అయిపోయిందంటే ఇంకో హోటలుకు మూట కట్టాలి. వంటగది లేదు. పొయ్యి మీద అన్నం వండుకుని నెలలైంది.

ఇసుకలోకి నడవండి. టెంట్లు వరసగా ఉన్నాయి. హవాయి జెండాలు తలకిందులుగా ఎగురుతున్నాయి, ఆపదలో ఉన్నామని చెప్పడానికి. ప్రతి టెంటు ముందూ ఇసుకలో గుచ్చిన గాలపు కర్ర, నీళ్లలోకి వేసిన తీగ. ధర్నాకు టెంటు వేస్తే పోలీసులు లేపుతారు. హవాయిలో సముద్రపు ఒడ్డు అందరిదీ, గాలం వేసేవాడికి పగలూ రాత్రీ అక్కడ ఉండే హక్కు ఉంది. లహైనా స్ట్రాంగ్ అనే ఊరి బృందం ఆ హక్కు పట్టుకుంది. ఇంటి కోసం చేపలు పడతాం అని పేరు పెట్టి నవంబరు 10న కూర్చుంది, నెలల తరబడి లేవలేదు. సెలవుకు వచ్చినవాళ్లు దగ్గరికి వచ్చి ఏమిటిదని అడుగుతారు. వీళ్లు కుర్చీ వేసి, ఓపిగ్గా చెబుతారు.

చెప్పేది ఇది. మౌయిలో ఇళ్ల కరువు మంటతో పుట్టలేదు. అపార్ట్‌మెంట్లుగా ఉండాల్సిన జోన్లలో దాదాపు ఏడు వేల ఫ్లాట్లు పర్యాటకులకు రోజువారీ అద్దెకు పోతున్నాయి, పాత చట్టంలోని సడలింపు ఆధారంగా. ఒక్క పడమటి మౌయిలోనే రెండున్నర వేలు. వాటి యజమానుల్లో ఎక్కువమంది దీవిలో ఉండరు. అవి సంవత్సరం ఒప్పందం మీద మాకివ్వండి, మేం అద్దె కడతాం. ఇదీ వాళ్లు అడిగింది.

సర్కారు వేరే దారి పట్టింది. బాధితులను పెట్టుకుంటే మార్కెట్‌ను మించిన అద్దె ఇస్తామని ఇంటివాళ్లకు చెప్పింది. కొందరు యజమానులు చేసిన లెక్క మీరు ఊహించగలరు. ఇల్లు కాలని పాత కిరాయిదారును ఖాళీ చేయించారు, ఆ ఇంట్లో ఇల్లు కాలిన కొత్త కిరాయిదారును పెట్టారు. మంట తగలని కుటుంబం కూడా ఊరు విడిచింది. డబ్బు ధారాళంగా పోస్తే న్యాయం జరగదు, ఎటు పోయాలో తెలియాలి.

టెంట్లు ఊరికే పోలేదు. 2024 మేలో మేయర్ రిచర్డ్ బిస్సెన్ ఆ సడలింపును ఎత్తివేసే బిల్లు ప్రతిపాదించాడు. విచారణలు గంటల కొద్దీ, రోజుల కొద్దీ సాగాయి. పన్ను రాబడి తగ్గుతుంది, గదులు శుభ్రం చేసే మా పనులు పోతాయని చెప్పినవాళ్లూ ఉన్నారు. వాళ్లదీ నిజమైన భయమే, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. పనికీ ఇంటికీ మధ్య ఏదో ఒకటి ఎంచుకోమని కూలి మనిషిని నిలబెట్టడం ఆ దీవి పాత జబ్బు, తోటల కాలం నుంచీ ఉన్నది. చివరికి 2025 డిసెంబరులో కౌన్సిల్ బిల్లును ఆమోదించింది. అమలుకు ఇంకా ఏళ్లు పడుతుంది, కోర్టులూ ఉంటాయి. కానీ గాలపు కర్రతో ఇసుకలో కూర్చున్నవాళ్లు చట్టం దాకా తీసుకెళ్లారు.

*

నేల సంగతికి వద్దాం, అసలు పట్టు అక్కడే ఉంది. లహైనా కమ్యూనిటీ లాండ్ ట్రస్ట్ అనే సంస్థను ఊరివాళ్లే మంట తర్వాత పెట్టుకున్నారు. దాని బల్ల ముందు కూర్చున్నారనుకోండి. మీ స్థలం ఇక నిలుపుకోలేరు, అమ్మక తప్పదు. ట్రస్ట్ అంటుంది: బయటివాడికి ఎందుకు, మాకివ్వండి, సరైన ధర ఇస్తాం. ఆ నేల మళ్లీ బజారులోకి రాదు. దాని మీద కట్టే ఇల్లు ఊరి కుటుంబానికి దీర్ఘకాలపు లీజు మీద వస్తుంది. నేల ట్రస్టుది, ఇల్లు కుటుంబానిది. నేల ధర కొనేవాళ్ల నెత్తిన పడదు గనక హోటల్ జీతంతో కొనగలుగుతారు. తర్వాత అమ్ముకున్నా మళ్లీ ఊరివాళ్లకే, అందుబాటు ధరకే అమ్మాలి. అమ్మకుండా కట్టుకోవాలనుకుని బీమా సొమ్ము చాలక ఆగిపోయినవాళ్లకు కూడా ఆ లోటు పూడ్చే సాయం ఉంది, ఇల్లు ఊరి చేతుల్లోనే ఉండాలన్న షరతుతో.

పరిహారం వేరే కథ. 2024 ఆగస్టులో నాలుగు వందల కోట్ల డాలర్ల రాజీ కుదిరింది. కరెంటు కంపెనీ హవాయియన్ ఎలక్ట్రిక్ దాదాపు సగం భరిస్తుంది, మిగతాది రాష్ట్రం, కౌంటీ, కొండ మీది భూముల యజమానులు, టెలికాం కంపెనీలు. వెంటనే బీమా కంపెనీలు లేచాయి, మేం ఇదివరకే చెల్లించిన సొమ్ము మాకూ రావాలని. రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు 2025 ఫిబ్రవరిలో వచ్చేదాకా చెక్కు ఆగింది. ఇల్లు కాలినవాళ్లు మొదటా, వాళ్ల బీమా కంపెనీలు మొదటా అనే ప్రశ్నకు ఒక రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం జవాబు చెప్పాల్సి వచ్చింది.

రెండో వర్ధంతి నాటికి లహైనాలో నడిస్తే గ్రావెల్ పరిచిన ఖాళీ స్థలాలు, మధ్య మధ్య కొత్త చెక్క ఫ్రేములు కనిపించాయి. అప్పటికి తిరిగి కట్టి పూర్తయిన ఇళ్లు కొన్ని పదులు. ఊరి బయట సర్కారు వేసిన తాత్కాలిక కాలనీలు. కొన్ని పెరళ్లలో సీమపనస మొక్కలు, ఈసారి ఊరు మళ్లీ వాటి నీడలో ఉండాలని నాటుకున్నవి. పూడ్చిన మోకుహినియాను మళ్లీ నీళ్లతో నింపాలని, వాగుల నీళ్లు మళ్లీ కిందికి వదలాలని గట్టిగా అడుగుతున్నారు. తడినేల ఉంటే మంట ఆగుతుంది. ఇది పూర్వీకుల మీద ప్రేమ, అగ్నిమాపక శాస్త్రం కూడా.

ఎంత ఆలస్యమని బయటివాళ్లు అంటుంటారు. తొందరగా కట్టడం కష్టమేమీ కాదు. డబ్బున్నవాడికి స్థలాలు ఇచ్చేస్తే మూడేళ్లలో ఫ్రంట్ స్ట్రీట్ మళ్లీ వెలిగిపోతుంది. అందులో కుహువా క్యాంప్ తాతల మనవలు మాత్రం ఉండరు. గదులు ఊడ్చడానికి వాళ్లు దూరం నుంచి బస్సెక్కి వస్తారు, లేదా సముద్రం దాటి లాస్ వెగాస్‌లో స్థిరపడతారు. ఇప్పటికే చాలామంది అలా వెళ్లిపోయారు. ఎన్ని ఇళ్లు కట్టారని అడిగితే ఈ నిజం బయటికి రాదు. ఆ రోజు ఇక్కడ ఉన్నవాళ్లలో ఎందరు తిరిగొచ్చారు, వాళ్లలో కిరాయిదార్లు ఎందరు, కూలివాళ్లు ఎందరు, మాతృభాష తప్ప వేరే రానివాళ్లు ఎందరు? ఈ లెక్క అడిగితేనే పునర్నిర్మాణం న్యాయంగా జరిగిందో లేదో తెలుస్తుంది.

అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలు చాలామంది సెలవులకు వెళ్లే దీవి మౌయి. వెళ్లండి, వద్దని ఊరివాళ్లు కూడా అనడం లేదు, ఆ రాబడి వాళ్లకు కావాలి. బస బుక్ చేసేముందు ఒక్కటి చూడండి: అది హోటలు గదా, లేక ఒక కుటుంబం ఉండాల్సిన ఫ్లాటా? ఇచ్చే డబ్బు ఊళ్లో నిలిచే చోట ఇవ్వండి. అక్కడ ఇల్లో వాటానో కొని రోజువారీ అద్దెకు ఇద్దామని ఎవరైనా సలహా చెబితే, ఆ ఫ్లాటు కోసం ఇసుకలో టెంటు వేసుకుని కూర్చున్నవాళ్లు ఉన్నారని చెప్పండి. సానుభూతి చూపడానికి 2023లో లోకమంతా వచ్చింది. ఇప్పుడు వాళ్లకు కావాల్సింది తమ నేల మీద, తమ నీళ్లతో, తమ వేగంతో ఇల్లు కట్టుకునే వ్యవధి. దాన్ని కొనేయకుండా ఉండటం మన చేతుల్లో ఉంది.